మాపు నొక్కి పట్టు, గడియారం చూడు

ఇప్పటి ఆపరేషన్ థియేటర్ (ఓటీ) పిల్లలతో నాకున్న తగువు ఒక్కటే. రక్తం కారుతుంటే మీ చేతులు ఊరుకోవు. కడుపు తెరిచి ఉంటుంది, గర్భసంచి గడ్డ సగం ఊడి వచ్చి ఉంటుంది, ఉన్నట్టుండి లోపలంతా ఎర్రగా నిండిపోతుంది. ఒకడు సక్షన్ దూరుస్తాడు, ఒకడు కాటరీ అంటిస్తాడు, ఇంకొకడు కనపడిన చోటల్లా క్లాంపు వేస్తాడు. కనపడని చోట కూడా వేస్తాడు, అదీ నా బాధ. మా రోజుల్లో అట్లాంటప్పుడు మా డాక్టరమ్మ నోటి నుంచి ఒకే మాట వచ్చేది. "నొక్కి పట్టు." వేడి సెలైన్లో ముంచి పిండిన పెద్ద గుడ్డ మాపు లోపల పెట్టి అరచేత్తో నొక్కి పట్టేది. నా వైపు తలతిప్పి "గడియారం చూడు" అనేది. ఐదు నిమిషాలంటే ఐదు నిమిషాలే. నాలుగో నిమిషంలో అంచు ఎత్తి తొంగిచూడటమనేది లేదు. ఏమప్పా, ఫోను ముట్టకుండా ఐదు నిమిషాలు ఊరికే నిలబడగలిగినవాడు మీలో ఎవడైనా ఉంటే చెప్పండి, ఎంత దూరమైనా వచ్చి చూసిపోతా.

ఊరికే నొక్కితే ఏమొస్తుందని అడుగుతారు. సన్న నాళాలు ఆ ఒత్తిడికి వాటంతటవే ముడుచుకుంటాయి, రక్తం గడ్డ కట్టుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. అంతలో మత్తు డాక్టరు బాటిలు మార్చుకుంటాడు, పడిపోతున్న బీపీని అందుకుంటాడు, నర్సమ్మ కావలసిన దారాలు ఎక్కించి పెట్టుకుంటుంది. మాపు తీసేసరికి కారేదాంట్లో చాలా వరకు ఆగిపోయి ఉంటుంది. ఆగని నాళం ఒకటో రెండో అప్పుడు కంటికి స్పష్టంగా కనపడతాయి. కనపడ్డాక క్లాంపు. అంతేగాని రక్తపు మడుగులో చెయ్యిపెట్టి తడుముకుంటూ క్లాంపు వేస్తే, పొత్తికడుపులో ఏం దొరుకుతుందో తెలుసా? మూత్రనాళం దొరుకుతుంది. మూత్రపిండం నుంచి దిగివచ్చే ఆ సన్నని గొట్టం గర్భసంచి ధమనికి సరిగ్గా కిందుగా పోతుంది. గడ్డ పెద్దదైతే దాని చోటు కూడా మారిపోతుంది. రక్తం ఆపానని సంబరపడిన వాడు వారం తిరక్కుండా, ఆ ఆడమనిషి పక్కబట్టలన్నీ మూత్రంతో తడిసిపోతున్నాయని కబురు వింటాడు. గట్టి పట్టు కంటే నెమ్మది మేలని మేం నేర్చుకుంది ఇట్లాంటి వాటి నుంచే.

నా సంగతి చెప్పాలి కదా. నేను డాక్టరును కాను, థియేటర్ అసిస్టెంటును. పుట్టింది ఎమ్మిగనూరులో, మగ్గాల ఇంట్లో. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన నేతగాళ్ళ సహకార సంఘం మా వీధి వీధంతటికీ అన్నం పెట్టింది. ఆయనకు 1954లో పద్మశ్రీ ఇచ్చారని మా నాయన చివరిదాకా చెప్పుకునేవాడు. ఇంట్లో నడిచే కాళ్ళు వచ్చేసరికి చేతికి పోగు వచ్చేది. తెగిన పోగు వెతికి, మునివేళ్ళతో ముడేసి, నేతలో ముడి కనపడకుండా చేయడం నేను బడికి పోకముందే నేర్చుకున్నా. పెద్దయ్యాక ఆదోనిలో ఒక నర్సింగ్ హోంలో పనికి కుదిరితే, డాక్టరమ్మ మొదటి రోజే ఒక దారం ముక్క ఇచ్చి, కుర్చీ కోడుకు ముడేయమంది. వేశా. దాన్ని పట్టి లాగి చూసి, "ఇది జారే ముడి. రెండో మలుపు ఎదురు దిక్కున రావాలి, అప్పుడే నిలబడుతుంది" అని తానే విప్పి వేసి చూపించింది. రెండు మలుపులూ ఒకే దిక్కున వేస్తే అది ఎంత బిగించినా జారుతుంది. నాళం కొట్టుకునే కొద్దీ ఇంకా జారుతుంది, రాత్రి పన్నెండుకు వార్డు నుంచి పిలుపు వస్తుంది. మొదటి మలుపు రెండు చుట్లు తిప్పి, రెండోది ఎదురుగా వేసి, మూడోదానితో తాళం పెట్టాలి. నేను ముడులేయడానికి ఎవరూ ఒప్పుకోరు, నాకు ఆ అర్హత లేదు. కానీ పక్కన నిలబడి దారం కత్తిరించేవాడికి కూడా ఏ ముడి జారుతుందో తెలిసి ఉండాలనేది ఆమె పట్టుదల.

ఇప్పుడు ముడి వేసేవాళ్ళే తగ్గిపోయారు. నాళాన్ని పట్టుకుని నొక్కి, కరెంటుతో లోపలి గోడలు అతికించేసే పరికరం వచ్చింది, లిగాష్యూర్ అంటారు. ఏడు మిల్లీమీటర్ల లావు నాళం దాకా మూసేస్తుంది. బాగుంది, పని తొందరగా అయిపోతుంది, నేనేం కాదనను. కానీ ఆదోనిలో కరెంటు పోని రోజు ఉందా? జనరేటరు అందుకునే లోపల, ఆ పరికరం మధ్యలో ఆగిపోతే, చేతికి ముడి రాని పిల్ల డాక్టరు ఏం చేస్తాడు? మా రోజుల్లో పెట్రోమాక్స్ వెలుగులో గర్భసంచి ధమని కట్టిన చేతులు నేను చూశా.

అసలు రక్తం ఆపడం ఓటీలో మొదలు కాదు. దానికి మూడు నెలల ముందే మొదలయ్యేది. ఆపరేషన్‌కు చీటీ రాయగానే నేను హిమోగ్లోబిన్ కొలిచే సాలీ ట్యూబు తీసేవాణ్ణి. గొట్టంలో పలుచని ఆమ్లం పోసి, వేలు గుచ్చి తీసిన రక్తం అందులో ఊదితే అది ముదురు గోధుమ రంగులోకి తిరిగేది. పక్కన ఉన్న గాజు కడ్డీ రంగుతో సరిపోయేదాకా చుక్క చుక్కా నీళ్ళు కలుపుకుంటూ పోవాలి. సరిపోయిన చోట అంకె చదవాలి. ఏడు వచ్చేది, ఆరు వచ్చేది. అయిదు వచ్చిన ఆడవాళ్ళు కోసిగి నుంచి, పెద్దకడుబూరు నుంచి నడిచి వచ్చి బల్ల మీద కూర్చునేవాళ్ళు, తమకేం కానట్టు. గడ్డ ఉన్నవాళ్ళకు నెలనెలా రక్తం పోతూనే ఉంటుంది గదా, ఒంటికి అలవాటైపోయి ఉంటుంది.

డాక్టరమ్మ వాళ్ళను అప్పుడే ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టేది కాదు. మొదట నులిపురుగుల మందు, తర్వాత ఐరన్ మాత్రలు, రాగి సంకటి, చెనిగ్గింజల పొడి, బెల్లం. మాత్రలు వేసుకుంటే దొడ్డికి నల్లగా అవుతుంది, భయపడొద్దని ముందే చెప్పాలి, లేకపోతే ఆపేస్తారు. "మూడు నెలలు తిని రా. పది దాటితే అప్పుడు మాట్లాడదాం." కొందరు తిట్టుకునేవాళ్ళు. బస్సు చార్జీలు దండగని మొగుళ్ళు గొణిగేవాళ్ళు. కానీ లెక్క చూడండి. నలభై కిలోల ఆడమనిషి ఒంట్లో ఉండే రక్తమే రెండున్నర లీటర్ల పైచిలుకు. పెద్ద గడ్డ ఆపరేషన్లో లీటరు పోవడం వింత కాదు. పన్నెండు గ్రాములున్న మనిషి ఆ లీటరు తట్టుకుంటుంది, ఆరు గ్రాములున్న మనిషి తట్టుకోలేదు. ఒక సీసా రక్తం ఎక్కిస్తే పెరిగేది ఒక్క గ్రాము. మూడు నెలల సంకటీ, మాత్రలూ మూడు నాలుగు సీసాల పని చేస్తాయి.

ఇప్పుడు సెలైన్లో కలిపి ఎక్కించే ఐరన్ వచ్చింది, వారాల్లో పని అవుతుంది. గడ్డను కొన్నాళ్ళు కుదించి ఉంచే ఇంజెక్షన్లూ వచ్చాయి. అన్నీ ఉన్నాయి. ఉండి ఏం లాభం? 2019–21లో సర్కారు వాళ్ళు చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతానికి రక్తహీనత అని తేలింది. నూటికి దాదాపు అరవై మంది. నా సాలీ ట్యూబు పోయింది, డిజిటల్ మిషను వచ్చింది, అంకెలో తేడా రాలేదు. మిషను సెకన్లలో చెబుతుంది కాబట్టి, మీరు ఆ అంకె చదివి, రెండు సీసాలు ఎక్కించి, మర్నాడే బల్ల మీదికి తీసుకుపోతున్నారు. ఇది చూస్తే నాకు కోపం వస్తుంది.

రక్తం దగ్గర మాత్రం మా కాలాన్ని వెనకేసుకు రాలేను. ఆదోనిలో గడ్డ ఆపరేషన్ పెట్టుకుంటే సీసాలు కర్నూలు నుంచో, బళ్ళారి నుంచో రావాల్సి వచ్చేది. మెడికల్ కాలేజీలు అక్కడే, కర్నూలుది 1956లో వచ్చింది, బళ్ళారిది 1961లో. ఆదోని నుంచి కర్నూలు వంద కిలోమీటర్లు. ఎమ్మిగనూరు, గోనెగండ్ల, కోడుమూరు మీదుగా బస్సులో గాజుసీసాలను ఐసు పెట్టెలో పెట్టుకుని, తొడల మధ్య ఇరికించుకుని, కుదుపు తగలకుండా తీసుకురావాల్సి వచ్చేది. పత్తి సీజనైతే మార్కెట్‌యార్డు దగ్గర బండ్ల వరస కదిలేది కాదు, బస్సు దిగి నడుచుకుంటూ వచ్చిన రోజులున్నాయి. చుట్టాలను రక్తమివ్వమంటే చీకటి పడేలోగా ఊరికి పారిపోయేవాళ్ళు. అప్పుడు డబ్బుకు రక్తమమ్మే మనుషులు దిక్కయ్యేవాళ్ళు. తాగి, తిండి లేక, పాలిపోయి ఉన్నవాళ్ళు. వాళ్ళ సాలీ అంకె రోగి అంకె కంటే తక్కువ వచ్చేది. ఏ జబ్బు ఆ సీసాలో ఉందో చూసే పరీక్షలు అప్పట్లో అన్నీ లేవు. 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చి, 1998 నుంచి రక్తం అమ్ముకోవడం ఆపించింది. ఇప్పుడు వాట్సాప్‌లో మెసేజి పెడితే ఎవడో కాలేజీ పిల్లవాడు బండి మీద వచ్చి, చెయ్యి చాచి, రక్తమిచ్చి పోతాడు, టీ కూడా అడగడు. ఈ పిల్లల తరం మీద నాకున్న ఫిర్యాదులన్నీ ఆ ఒక్క పనికి మాఫీ.

సరే, ఓటీలోకి వద్దాం. పెళ్ళయి పిల్లల్లేని అమ్మాయికి గడ్డ వస్తే సంచి ఉంచి గడ్డ ఒక్కటే తీయాలి. రక్తం ఎక్కువ పోయేది అక్కడే. మా డాక్టరమ్మ సన్నని రబ్బరు కెథెటర్‌ను గర్భసంచి కింది భాగం చుట్టూ తిప్పి బిగించి, క్లాంపు పెట్టేది. పైకి రక్తం రాదు, తీరిగ్గా గడ్డ ఒలిచి తీయొచ్చు. గడియారం పని మళ్ళీ నాదే. మధ్యమధ్యలో వదులు చేయాలి, ఎక్కడ కారుతోందో చూసుకుని కుట్టు వేయాలి. ఇదే పని కోసం లండన్లో విక్టర్ బోనీ అనే పెద్ద సర్జన్ ప్రత్యేకంగా ఒక క్లాంపే చేయించాడు. ఆయన భార్యకు గడ్డల కోసం చిన్న వయసులోనే గర్భసంచి తీసేశారట, పిల్లల్లేకుండా పోయారు. ఆ దుఃఖంతోనే ఆయన సంచి నిలబెట్టే ఆపరేషన్ పట్టుకున్నాడు, ఒకే సంచి నుంచి 225 గడ్డలు తీసి, సంచిని కుట్టి లోపల పెట్టిన మనిషి. ఇప్పుడు రబ్బరు గొట్టం బదులు వాసోప్రెసిన్ పొడుస్తున్నారు, కండ తెల్లగా పాలిపోతుంది, రక్తం చుక్క రాదు. మంచిదే. అయితే ఆ మందు దిగిపోయాక లోపల మళ్ళీ కారుతుంది, కడుపు మూసే ముందు కాసేపు ఆగి చూడాలి. ఆగడమంటే మీకు గిట్టదు.

అన్నీ చేసినా ఆగని రోజులు ఉంటాయి. గడ్డ అండాశయానిదై, పక్క గోడకు అంటుకుపోయి, ఒలిచిన చోటల్లా ఊరుతుంటుంది. అప్పుడు డాక్టరమ్మ పిడికిలితో పెద్ద ధమనిని వెన్నెముకకేసి అదిమి పట్టమని సాయం వచ్చిన డాక్టరుకు చెప్పేది. కింద ప్రవాహం తగ్గగానే తాను పక్కకు పోయి, పొత్తికడుపుకు రక్తం తెచ్చే లోపలి ఇలియాక్ ధమనిని వెతికేది. మన తుంగభద్ర దిగువ కాలువకు (ఎల్లెల్సీకి) గండి పడితే ఏం చేస్తారు? గండి దగ్గర మట్టి పోస్తే కొట్టుకుపోతుంది. పైన షట్టర్లు దించుతారు, నీటి ఊపు తగ్గాక గండి పూడుస్తారు. ఇదీ అంతే. అమెరికాలో హోవర్డ్ కెల్లీ 1890ల్లోనే, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కు రక్తం ఆగకపోతే ఈ ధమనిని కట్టాడు. 1960ల్లో బర్చెల్ అనే డాక్టరు కొలిచి చెప్పాడు: రెండు వైపులా కడితే కింద నాడి కొట్టే ఒత్తిడి 85 శాతం పడిపోతుంది, ప్రవాహం సగానికి తగ్గుతుంది. పూర్తిగా ఆగదు, అదే మేలు. పక్క దారుల్లో రక్తం వస్తూనే ఉంటుంది కాబట్టి అవయవం చచ్చిపోదు. ఆ తర్వాత కాన్పులైన ఆడవాళ్ళూ ఉన్నారు.

ఈ పనిలో నాకో పాత్ర ఉండేది. లోపలి ధమని పక్కనే కాలికి పోయే బయటి ధమని ఉంటుంది. పొరపాటున దాన్ని కడితే కాలు పోతుంది. అందుకని డాక్టరమ్మ దారం బిగించే ముందు వేళ్ళతో ఆ నాళాన్ని నొక్కి, "నాడి ఉందా?" అనేది. నేను గుడ్డల కింద చెయ్యి దూర్చి గజ్జల్లో నాడి పట్టుకుని ఉండేవాణ్ణి. "ఉందమ్మా." "సరిగ్గా చూడు." "కొడుతోందమ్మా." అప్పుడు ముడి. ఆ ధమని కిందనే పలుచని సిర ఉంటుంది, సూది తగిలితే అది చీలుతుంది, అప్పుడు వచ్చే రక్తం ముందు వచ్చిన దానికి రెండింతలు. ఆ పని జరుగుతున్నంతసేపు థియేటర్లో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. రేడియో పెట్టుకుని ఆపరేషన్లు చేసే ఈ కాలపు అలవాటు నాకు ఎప్పటికీ మింగుడు పడదు.

అప్పటికీ ఊరుతుంటే కడుపు నిండా మాపులు కుక్కి, పైన బిగించి కట్టి, మనిషిని వెచ్చగా ఉంచి, ఒకటి రెండు రోజుల తర్వాత మళ్ళీ తెరిచి తీసేవాళ్ళు. ఓడిపోయినట్టు కాదు, ప్రాణానికి గడువు తెచ్చినట్టు. ఒళ్ళు చల్లబడితే రక్తం గడ్డకట్టదు, అందుకే ఏసీలు పెట్టి థియేటర్‌ను గడ్డకట్టించే మీ అలవాటు కూడా నాకు నచ్చదు, రోగి సంగతి ఎవడు చూశాడు? మాపుల లెక్క నా బాధ్యత. లోపల పెట్టినవి ఎన్ని, బయటికి వచ్చినవి ఎన్ని అని పలక మీద రాసేవాణ్ణి. తడిసిన మాపు తూకం వేస్తే, పొడి మాపు బరువు తీసేశాక మిగిలే గ్రాముకు ఒక మిల్లీలీటరు రక్తం లెక్క. ఇప్పుడు అడిగితే "సుమారు ఐదొందలు పోయి ఉంటుంది సార్" అంటారు. సుమారు! రక్తం పోయింది మనిషికి నాయనా, సుమారు ఏమిటి?

కీహోల్ ఆపరేషన్లు వచ్చాయి, చిన్న కుట్లు, మూడోరోజుకు ఇంటికి. ఆడవాళ్ళకు మేలు, ఒప్పుకుంటా. హైదరాబాదు, బెంగుళూరులో గజ్జల్లోంచి సన్నని గొట్టం పంపి, గర్భసంచి ధమనిలో చిన్న పూసలు వదిలి, కత్తి పెట్టకుండానే గడ్డకు రక్తం ఆపేస్తున్నారు. ఫ్రాన్సులో రావినా అనే డాక్టరు 1995లో ఈ సంగతి లోకానికి చెప్పాడు. అది చూడాలని నాకూ ఉంది. కానీ కీహోల్ గొట్టం ద్వారా లోపల చూస్తున్నవాడికి రక్తం ఎగదన్నితే, తెరంతా ఎర్రబడితే, అరచెయ్యి లోపల పెట్టి నొక్కి పట్టే వీలు లేదు. కడుపు తెరవాలి. తెరిచి చేసిన అనుభవం లేనివాడు అప్పుడు తెరవడానికి వెనకాడుతున్నాడు, నేను భయపడేది ఆ వెనకాడటానికే.

మందుల్లో నేను మనసారా దండం పెట్టేది ఒక్క ట్రానెక్సామిక్ యాసిడ్‌కు. కట్టిన రక్తపు గడ్డ కరిగిపోకుండా నిలబెడుతుంది. అది మా కాలపు మనుషులు కనిపెట్టిందే లెండి. జపానులో ఉటాకో ఒకమోటో అనే డాక్టరమ్మ, ఆమె భర్త షొసుకె కలిసి 1962లో బయటపెట్టారు. కాన్పులో రక్తం పోయి చచ్చిపోయే తల్లుల కోసమని ఆమె పట్టుదల. బిడ్డను వీపున కట్టుకుని ల్యాబులో పని చేసిందట. లోకం ఆ మందు విలువ గుర్తించడానికి యాభై ఏళ్ళు పట్టింది. ఇరవై వేల మంది బాలింతల మీద చేసిన పరీక్ష 2017లో బయటికి వచ్చింది, రక్తం మొదలైన మూడు గంటల్లోపు ఇస్తే ప్రాణాలు నిలుస్తాయని తేలింది. ఆమె ఆ ముందటేడే పోయింది. ఆ మందు మా థియేటర్లోకి ఆలస్యంగా వచ్చింది. అది ముందే వచ్చుంటే బతికేవాళ్ళు నాకు ముఖాలతో సహా గుర్తున్నారు.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తా, దీనికి మీరు అలిగినా సరే. రక్తం పోకుండా చూసుకునే దారుల్లో అన్నిటికన్నా మంచిది, అక్కర్లేని ఆపరేషన్ చేయకపోవడం. నేను ముందు చెప్పిన సర్కారు సర్వేలోనే ఉంది, 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.3 మంది, మన ఆంధ్రప్రదేశ్‌లో 8.7. మా రోజుల్లో చిన్న గడ్డ కనిపిస్తే "ముట్టు నిలిచే వయసు దగ్గరపడింది, అప్పటికి అదే ఎండిపోతుంది, ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకో" అనేవాళ్ళు. ఇప్పుడు స్కానింగులో గోళీ అంత గడ్డ కనిపించినా, క్యాన్సరైపోతుందని భయపెట్టి ముప్పై ఐదేళ్ళ మనిషికి సంచి తీసేస్తున్నారు. అట్లా వెళ్ళి వచ్చినవాళ్ళు మా వీధిలోనే ఎందరో.

మన పడమటి మండలాల ఆడవాళ్ళు సంక్రాంతి ముందర మూటలు కట్టుకుని గుంటూరు మిరపకోతలకు పోతారు. గుడారాల్లో ఉండి, కారంపొడి గాలి పీల్చి, తిన్నది తిని, ఉగాదికి తిరిగొస్తారు. చేతిలో నాలుగు డబ్బులుంటాయి, అప్పుడే ఆసుపత్రికి వస్తారు. ఒంట్లో రక్తం అతి తక్కువగా ఉండేదీ అప్పుడే. చీటీ రాసే డాక్టరు నాయనా, ఆమెకు ఆ వారమే తేదీ ఇవ్వొద్దు. ఐరన్ ఎక్కించి, నులిపురుగుల మందు మింగించి, శ్రావణంలో రమ్మను. డబ్బులు ఖర్చయిపోతాయని ఆమె భయపడుతుంది, నిజమే, ఖర్చయిపోతాయి కూడా. ఆ డబ్బు ఎక్కడ దాచుకోవాలో, సర్కారు ఆరోగ్య కార్డు మీద ఏది వస్తుందో కూర్చోబెట్టి చెప్పే మనిషిని ఒకర్ని ఆసుపత్రిలో పెట్టు. ఎవరూ దొరక్కపోతే నాకు కబురు పెట్టు, పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూర్చుంటా.